బండి లెక్క రాయకుండానే బండి ఖర్చు రాబట్టండి

నల్లగొండ, పాలమూరు ఇలాఖాలో వ్యాపారమంటే తిరుగుడే. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరిగే బియ్యం బ్రోకరు, నకిరేకల్‌లో నిమ్మకాయల లోడు ఎత్తించే కమీషన్ ఏజెంటు, పొద్దున్నే బాదేపల్లి యార్డులో ధర కనుక్కుని మధ్యాహ్నానికి దేవరకద్ర చేరే గింజల వ్యాపారి, ఊరూరికీ విత్తనాలూ పురుగుమందులూ వేసే డీలరు, పాలసీల కోసం తండాలు తిరిగే బీమా ఏజెంటు, వీళ్లందరి సంపాదనలో మంచి వాటా పెట్రోలు బంకులోనే పోతుంది. అలా పోయినదాన్ని ఆదాయంలోంచి తీసేసి, మిగిలిన లాభం మీదే పన్ను కట్టొచ్చు. ఇంతవరకు చట్టం మన పక్షమే.

చిక్కంతా ఆడిటర్ దగ్గర మొదలవుతుంది. ఏ ఆడిటర్‌ను అడిగినా ఒకటే మాట: "బండిలో ఒక పుస్తకం పెట్టుకోండి. తారీఖు, ఎక్కడికి పోయారు, ఏ పనికి, పోయేటప్పుడు మీటరు, వచ్చినప్పుడు మీటరు. రోజుకు ఒక్క వరుస." వినడానికి చిన్న పనే. కానీ ఆ ఒక్క వరుసకు పెన్ను వెతకాలి, కళ్లద్దాలు తీయాలి, మీటరు వైపు తల తిప్పాలి. మే నెల నల్లగొండ ఎండలో బండి దిగిన మనిషికి ఇంత శిక్ష ఎందుకు? కష్టపడి సంపాదించేవాళ్లు రాతకోతల కింద నలిగిపోతుంటే చూడలేకే ఈ చిట్కాలు రాస్తున్నాను. మన గురి రెండే. రాత సున్నాకు రావాలి, ఖర్చు నూటికి నూరు రావాలి.

ముందు దేన్ని ఎగ్గొడుతున్నామో తెలియాలి. 2026 మార్చి దాకా నడిచిన 1961 ఆదాయపు పన్ను చట్టం (ఇక్కడ చెప్పే సెక్షన్లన్నీ దానివే) 37(1) సెక్షన్ ప్రకారం పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చును లాభంలోంచి తీసేస్తారు. బండి కొంత వ్యాపారానికి, కొంత ఇంటికి తిరిగితే 38(2) కింద వ్యాపారం వాటా మేరకే ఒప్పుకుంటారు. ఆ వాటా ఎంతో తేల్చేది అసెసింగ్ ఆఫీసరు. పెట్రోలు, రిపేర్లు, ఇన్సూరెన్సు, కారు విలువ మీద ఏటా 15 శాతం తరుగుదల, అన్నిటికీ ఈ వాటా లెక్కే. మన దేశంలో వ్యాపారికి కిలోమీటరుకు ఇంత అని సర్కారు రేటేమీ లేదు. అసలు ఖర్చే చూపాలి, చూపే భారం అడిగినవాడిదే. పుస్తకం ఉంటే వాటా దానంతటదే తేలుతుంది. లేకపోతే ఆఫీసరు తన అంచనా మీద పదో వంతో ఐదో వంతో కోసేస్తాడు. ఆడిటర్ల భయమంతా ఈ కోత గురించే. మనకు ఆ భయం అవసరం లేదు, ఎందుకంటే మన పద్ధతిలో పోతే విషయం కోత దగ్గర ఆగదు.

1. పుస్తకం ఇప్పుడే కొనకండి.

నోటీసు వచ్చాక కొనండి. ఏడాదంతా రోజుకొక వరుస రాస్తూ బాధపడే బదులు ఒక్క రాత్రి మేలుకుంటే రెండేళ్ల ప్రయాణాలు రాసేయొచ్చు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టండి. ఇల్లాలు తారీఖులు చదువుతుంది, పెద్దోడు ఊర్ల పేర్లు చెబుతాడు, మీరు అంకెలు వేస్తారు. మధ్యలో రెండుసార్లు చాయ్. పెన్నులు నాలుగైదు రంగులవి తెప్పించి, పేజీకొకటి మార్చండి. పుస్తకం పాతగా కనిపించాలంటే తెల్లారి చాయ్ డికాషన్ చిలకరించి మిద్దె మీద ఎండబెట్టండి. అట్ట వెనక ఎమ్మార్పీ పక్కనే అది తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. వాటి జోలికి పోవద్దు, అట్ట వెనక్కి తిప్పి చూసేంత తీరిక ఎవరికీ ఉండదు.

క్యాలెండరు దగ్గర పెట్టుకోకండి, చేయి నెమ్మదిస్తుంది. జూన్ 31 అని పడితే కొట్టేయకండి, ఒక రోజు ఖర్చు అదనంగా కలిసొచ్చింది. బండి నంబరు ప్రతి పేజీ మీదా టీజీ అని రాయండి. 2024 మార్చి దాకా మన రాష్ట్రంలో టీఎస్ అనే ఉండేదని, మీ ఆర్సీలో ఇప్పటికీ టీఎస్ 05 అనే ఉందని, 2022 నాటి పేజీ మీద టీజీ ఎట్లా వచ్చిందని ఎవరైనా అడిగితే, రాష్ట్రం మీద అభిమానం అని చెప్పండి. పాత సంవత్సరం కేసు తిరగదోడితే 2020 ఏప్రిల్‌ను కూడా వదలొద్దు. మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు వేసుకున్న ఆ రోజుల్లో మీరు రోజూ మిర్యాలగూడ పోయి వచ్చారంటే, వ్యాపారం మీద మీ శ్రద్ధ ఎలాంటిదో ఆఫీసరుకే అర్థమవుతుంది.

2. రోజుకు వంద.

నల్లగొండ నుంచి మిర్యాలగూడకు నలభై పైచిలుకు, పాలమూరు నుంచి జడ్చర్లకు పదిహేను పైచిలుకు, అక్కడినుంచి లోపలి ఊర్లకు ఇంకో తొమ్మిది. ఇలాంటి పైచిలుకులు కూడితే తప్పులొస్తాయి. రోజుకు వంద అనుకోండి, ఏడాదికి 36,500. కూడికలు లేవు, క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. ఆదివారం వంద, ఉగాదికి వంద, యార్డు బందు పెట్టిన రోజు వంద. మీరు జ్వరంతో దవాఖానలో పడుకున్న వారం కూడా వందే రాయండి. అదే వారం ఆరోగ్య బీమా కింద దవాఖాన బిల్లు పెట్టుకున్నా ఫరవాలేదు, ఆ ఫైలు వేరు, ఈ ఫైలు వేరు.

3. జాతరలూ పెళ్లిళ్లూ వ్యాపారమే.

మాఘంలో చెర్వుగట్టు, దీపావళి పోయాక కురుమూర్తి, నడుమ యాదగిరిగుట్ట, ఏడాదికోసారి తిరుపతి. ఇవన్నీ సొంత ప్రయాణాలని మన ఆడిటర్లు పక్కన పెట్టేస్తారు. ఎంత నష్టం! ఒక్క తిరుపతికే పోనూ రానూ వందల కిలోమీటర్లు అవుతుంది. "ఏ పనికి" అన్న గడిలో "మార్కెట్ సర్వే" అని రాయండి. దేవుడి పేరు మీద ట్రేడర్స్ లేని ఊరు మన దగ్గర లేదు కాబట్టి, ఏ గుట్టకు పోతే ఆ దేవుడి పేరుతో ఒక పార్టీని కలిసినట్టు రాయండి. ఆ పార్టీతో ఒక్క రూపాయి కొనుగోలూ అమ్మకమూ మీ ఖాతాల్లో లేకపోతే "బేరం కుదరలేదు" అని చేర్చండి. ఏటా అదే తిథికి పోతున్నారు, ఏటా బేరం కుదరడం లేదు, అయినా మీరు వదలడం లేదు. పట్టుదల అంటే అది.

పెళ్లిళ్లకు ఇంకో తీరు. వనపర్తిలో మేనకోడలి పెళ్లికి పోతే "కస్టమర్ మీటింగ్" రాసి, బండిలో ఎక్కిన వాళ్లందరి పేర్లూ పక్కన వేయండి. అత్తమ్మ, చిన్నమ్మ, ముగ్గురు పిల్లలు. సాక్షులు ఎంతమంది ఉంటే అంత బలం.

4. బిల్లుల పోషణ.

పెట్రోలు బంకు బిల్లును డ్యాష్‌బోర్డు మీద పెట్టి అద్దాలు ఎత్తేయండి. వేడికి అక్షరం పడే కాగితం అది. మన ఎండలకు కొద్ది రోజుల్లోనే వెలిసిపోతుంది. తెల్ల కాగితం చేతికొచ్చాక అంకె మీ ఇష్టం. బాల్ పెన్నుతో వేయండి, బాగా కనిపిస్తుంది.

అవి చాలకపోతే బంకు దగ్గర కింద పడ్డ బిల్లులు ఏరుకోండి. ఏరేటప్పుడు చూస్తూ కూర్చోకండి, వెనక లైనులో వాళ్లు హారన్ కొడతారు. మీది పెట్రోలు కారైనా డీజిల్ బిల్లు వదలొద్దు. 37 లీటర్ల ట్యాంకుకు 60 లీటర్ల బిల్లు దొరికితే అదృష్టమే. ఒకే రోజు ఒకే నిమిషంలో భువనగిరి బంకులో ఒకటి, కొత్తకోట బంకులో ఒకటి పడ్డా పక్కపక్కనే అంటించండి. ఇంత చేస్తే లీటర్లు పెరిగి కిలోమీటర్లు తక్కువై, మీ కారు లీటరుకు ఆరు కిలోమీటర్లే ఇస్తున్నట్టు తేలుతుంది. బండి పాతదైపోయింది సార్ అనండి. కొన్నది మొన్న దసరాకే అయినా గట్టిగా అనండి.

5. టోలు గేట్ల సంగతి.

జాతీయ రహదారుల మీద 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. విజయవాడ రోడ్డులో పంతంగి, కొర్లపహాడ్, కర్నూలు రోడ్డులో రాయికల్, శాఖాపూర్, ఏ గేటు దాటినా నిమిషంతో సహా నమోదవుతుంది. దీనికి మన దగ్గర రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది బద్ధకస్తులకు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ మొత్తం డౌన్‌లోడ్ చేసి, చదవకుండా ఫైలుకు కట్టేయండి. మీ పుస్తకంలో శనివారం మిర్యాలగూడ అని ఉంటుంది, స్టేట్‌మెంట్‌లో అదే శనివారం పొద్దున శాఖాపూర్ దాటి ఆదివారం రాత్రి వెనక్కి వచ్చినట్టు ఉంటుంది. ఉండనీయండి. ఆఫీసరుకు కావలసింది కాగితాలు, మీరు కాగితాలిచ్చారు. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూసే పని ఆయనది, అందులో మనం వేలు పెట్టడం మర్యాద కాదు.

రెండోది తెలివైనవాళ్లకు. టోలు గేటుకే పోకండి. పంతంగి గేటు రాకముందే హైవే దిగి లోపలి ఊర్ల దారి పట్టండి. గుంతలు, బర్రెలు, వడ్లు ఆరబోసిన రోడ్లు దాటుకుంటూ ముప్పై కిలోమీటర్లు ఎక్కువ తిరిగితే ఎక్కడా మీ జాడ ఉండదు. టోలు కంటే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బుష్‌లు పోతాయి, గంటన్నర ఆలస్యమై అవతల బేరం వేరేవాళ్లు చేసుకుపోతారు. అయినా వ్యాపారం కోసం తిరిగిన కిలోమీటర్లు ముప్పై పెరిగాయి కదా.

సరుకు కూడా మీ బండిలోనే వేస్తే, 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లులో బండి నంబరు పడుతుంది. ఆ రోజు మీ పుస్తకంలో బండి వేరే ఊర్లో ఉన్నట్టు ఉన్నా కంగారు పడొద్దు.

6. మీటరు మీద దృష్టి పెట్టకండి.

పుస్తకం ప్రకారం బండి రెండేళ్లలో 73,000 కిలోమీటర్లు తిరిగింది. సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు మీద 19,400 అని ఉంది. ఈ తేడా సరిచేయడానికి కొందరు మెకానిక్‌కు పైసలిచ్చి మీటరు ముందుకు తిప్పిస్తారు. మంచి ఆలోచన. అమ్మబోయే రోజు బండికి సగం ధర కూడా రాదు, ఆ నష్టం కూడా ఖర్చులో రాసుకోవచ్చని మీకు మీరే అనుకోండి.

7. డాలస్ బావ రేటు వాడండి.

అమెరికాలో సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకు అక్కడి ఐఆర్‌ఎస్ ఏటా మైలుకు ఒక రేటు ప్రకటిస్తుంది. 2025కు అది 70 సెంట్లు. బిల్లులన్నీ దాచే పని లేదు, తిరిగిన మైళ్లను రేటుతో గుణిస్తే చాలు. మనవాళ్లు అక్కడ ఫోన్లో యాప్ పెట్టుకుని తారీఖు, చోటు, పని, మైళ్లు ఎప్పటికప్పుడు ఎక్కిస్తుంటారు. ఆ రికార్డు లేకపోతే అక్కడ పైసా ఒప్పుకోరు, ఇంటి నుంచి ఆఫీసుకు పోయి వచ్చే మైళ్లను లెక్కలోకే తీసుకోరు. ఆ యాప్ సంగతి మనకెందుకు? రేటు ఒక్కటి తెచ్చుకుందాం.

డాలరు 85 రూపాయలు వేసుకున్నా మైలుకు 59 రూపాయల 50 పైసలు, అంటే కిలోమీటరుకు దాదాపు 37. రెండో చిట్కాలో వచ్చిన 36,500ను 37తో గుణించండి. 13,50,500! పది లక్షల కారు మీద ఏడాదికి పదమూడున్నర లక్షల ఖర్చు. ఇండియాలో ఇలాంటి రేటు లేదని ఆడిటర్ అంటే, ఆయనకు పాస్‌పోర్టు ఉందా అని అడగండి.

8. డ్రైవరు జీతం ఇంట్లోనే.

హైదరాబాద్ హాస్టల్లో ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుణ్ని డ్రైవరుగా రాసుకోండి. లైసెన్సు తర్వాత తీయిద్దాం. జీతం నగదుగా ఇచ్చినట్టు వోచర్లు రాసి, సంతకాలు మీరే పెట్టండి, వాడిని పరీక్షల మధ్య ఇబ్బంది పెట్టడం దేనికి? కాలేజీలో వాడి హాజరు పూర్తిగా ఉందంటే కుర్రాడు రెండు చోట్లా శ్రద్ధగా ఉన్నట్టు.

9. కొత్త కారు తారీఖు వెనక్కి జరపండి.

కొన్న ఏడాది కారును 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే ఇస్తారు. పది లక్షల కారుకు 1,50,000 బదులు 75,000. మన దగ్గర కార్లు దసరాకో ధనత్రయోదశికో కొంటారు, అప్పటికి లెక్క ప్రకారం మామూలుగా సగం ఏడాది దాటే ఉంటుంది. ముహూర్తం మార్చలేం కనుక పుస్తకం మార్చండి. కారు ఉగాది నుంచే తిరుగుతున్నట్టు రాయండి. షోరూం బిల్లు, ఆర్టీఏ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, బ్యాంకు లోను, నాలుగు చోట్లా అక్టోబరు అని ఉన్నా, మీ చేతిరాతలో ఏప్రిల్ అని ఉంది. సొంత చేతిరాత విలువ వేరు.

10. అదీ వేయండి, ఇదీ వేయండి.

చిన్న వ్యాపారులకు 44ఏడీ కింద ఒక వెసులుబాటు ఉంది. టర్నోవర్ 2 కోట్ల లోపుంటే, నగదు రాబడి 5 శాతం దాటనివాళ్లకైతే 3 కోట్ల దాకా, టర్నోవర్‌లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం లాభంగా చూపి పన్ను కట్టేయొచ్చు. ఖర్చుల పుస్తకాలు అడగరు. నిజంగా బండి లెక్క రాయని మనిషికి చట్టమే తీసిపెట్టిన దారి ఇది. కానీ ఇందులో ఒక లోటుంది. అన్ని ఖర్చులూ పోగా మిగిలిన లాభమే ఆ 8 శాతమని లెక్క, కాబట్టి పెట్రోలు మళ్లీ వేరుగా తీయనివ్వరు. దీనికి లొంగకండి. 8 శాతం చూపండి, దాంట్లోంచి బండి ఖర్చు మళ్లీ తీయండి. నష్టం వచ్చినట్టు తేలితే ఇంకా మంచిది.

సూర్యాపేట, జడ్చర్ల లారీ యజమానులకు 44ఏఈ ఉంది. పదికి మించి బండ్లు లేనివాళ్లు, 12 టన్నుల స్థూల బరువు దాటిన లారీకి టన్నుకు నెలకు 1,000 రూపాయలు, మిగతా వాటికి బండికి నెలకు 7,500 ఆదాయంగా చూపితే సరిపోతుంది. లారీ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరూ అడగరు. కాబట్టి కిలోమీటర్ల పుస్తకం రాయాలనిపిస్తే ఇక్కడ రాయండి. అవసరం లేనిచోట ఎంత రాసినా అలసట ఉండదు.

11. కిరాయి మొత్తం ఒకే కట్టలో ఇవ్వండి.

ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే 40ఏ(3) కింద ఆ ఖర్చును ఒప్పుకోరు. లారీ కిరాయికైతే 35,000 దాకా వదులుతారు. బ్యాంకు ద్వారా పంపితే ఈ గొడవే లేదు, కానీ అందుకు ఫోన్ తెరవాలి, ఓటీపీ చూడాలి. అరవై వేలు నగదు తీసి డ్రైవరు చేతిలో పెట్టి, వోచరు మీద రెవెన్యూ స్టాంపు అంటించండి.

12. సాకులు.

ఇది అసలు విద్య. పుస్తకం లేనివాడికి సాకే పుస్తకం. ఒక్కటి చాలదు, నాలుగైదు సిద్ధంగా ఉండాలి.

ఎలుకల సాకు అందరికీ వచ్చు. మెరుగు పెట్టాలంటే, దుకాణంలో మిగతా పుస్తకాలన్నీ చెక్కుచెదరకుండా చూపించి, ఎలుకలు బండి పుస్తకం ఒక్కటే కొరికినయని చెప్పండి. చెదల సాకుకు చారెడు మన్ను కవరులో వేసి జత చేయండి. మిర్యాలగూడ వైపువాళ్లు సాగర్ ఎడమ కాల్వలో పడ్డదనొచ్చు. దేవరకద్ర వైపు కోయిల్‌సాగర్ ఉంది. కాల్వలో చుక్క నీళ్లు లేని మే నెల చెప్పినా వెనక్కి తగ్గకండి. పాత సామాన్లవాడికి ఇంట్లోవాళ్లు అమ్మేశారనడం కూడా పనికొస్తుంది. అయితే అదే ఉత్తరంలో ఇల్లాలిని సాక్షిగా చూపకండి, ఆమెకు నిజం చెప్పే అలవాటు ఉండొచ్చు.

ఇంకోటి గుండ్రంగా తిప్పే సాకు. పుస్తకం ఆడిటర్ దగ్గర ఉందని ఆఫీసుకు, గుమాస్తా దగ్గర ఉందని ఆడిటర్‌కు, ఆఫీసువాళ్లు తీసుకుపోయారని గుమాస్తాకు చెప్పండి. ముగ్గురూ మాట్లాడుకునేదాకా మీకు విశ్రాంతి.

చట్టం మారిన సాకు కొత్తది. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. పాత సంవత్సరాల కేసులు పాత చట్టం కిందే నడుస్తాయని అందులోనే రాసి ఉంది. మీరు అంతదూరం చదవకండి. "నోటీసులో వేసిన సెక్షన్ ఇప్పుడు లేనే లేదు, కావున మేము కూడా లేము" అని రాయండి.

అన్నీ కలిపి పంపితే ఉత్తరం ఇలా ఉండాలి: "అయ్యా, నా బండి పుస్తకం మే నెలల కాల్వల పడ్డది. తీసి మిద్దె మీద ఎండబెడితే ఎలుకలు కొరికినయి. మిగిలింది చెదలు తిన్నయి. చెదలు తిన్నంక పాత సామాన్లోడు ఎత్తుకపోయిండు. పూర్తి పుస్తకం జిరాక్స్ దీంతో జత చేస్తున్నా. దయచేసి అంగీకరించగలరు."

13. కంపెనీ కారున్నవాళ్లకు ఒక్క మాట.

పోలేపల్లి ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం, కంపెనీ కారు ఉన్నాయనుకుందాం. పూర్తిగా ఆఫీసు పనికే వాడానంటే 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లో మూడోది నాలుగు సంగతులు అడుగుతుంది: ప్రయాణం తారీఖు, చోటు, దూరం, ఖర్చు. పైన యాజమాన్యం సర్టిఫికెట్. నాలుగు గళ్లూ ఖాళీగా వదిలి సర్టిఫికెట్ ఒక్కటి పెట్టించండి. హెచ్‌ఆర్‌లో సోపతి ఉంటే ఒక దావత్‌తో అయిపోతుంది.

14. నోటీసు వచ్చినప్పుడు.

రిటర్న్‌లో మీ సొంత ఈ-మెయిల్ ఇవ్వకండి. ఫారం నింపిన మీసేవ కుర్రాడిది ఇవ్వండి. వాడు రెండేళ్ల కింద దుబాయ్ పోయి ఉంటే మరీ మేలు. నోటీసులన్నీ పోర్టల్‌లోకీ ఆ మెయిల్‌కూ పోతాయి, మీ భోజనానికి అడ్డురావు.

పూర్వం ఆఫీసరు ఎవరో తెలిసేది, సీజన్‌లో ఒక బస్తా బత్తాయిలు పంపితే పలకరింపు ఉండేది. 2019 నుంచి ముఖం చూడని అసెస్‌మెంట్ వచ్చింది. మీ ఫైలు చూసే అధికారి నల్లగొండలో ఉన్నాడో నాగపూర్‌లో ఉన్నాడో మీకు చెప్పరు. అలాంటప్పుడు బత్తాయిలు ఇంట్లోనే జ్యూస్ తీసుకోండి.

జవాబు ఇవ్వకండి. పిలిచిన ప్రతిసారీ పలకకపోతే ఒక్కో నోటీసుకు 10,000 రూపాయల జరిమానా వేయొచ్చు. చివరికి 144 సెక్షన్ కింద ఆఫీసరే తన దగ్గరున్న సమాచారంతో మీ ఆదాయం లెక్కకట్టి ఆర్డరు ఇస్తాడు. గమనించండి, ఒక్క వరుస కూడా రాయకుండా మీ లెక్క మొత్తం ఇంకొకరితో రాయించారు. బద్ధకానికి ఇంతకంటే పెద్ద ఫలం లేదు.

15. ఆర్డరు చదువుకునే పద్ధతి.

దొంగ ప్రయాణాలతో మూడు లక్షల ఖర్చు చూపారనుకుందాం. 30 శాతం స్లాబులో సెస్సు కలిపి ఎగ్గొట్టిన పన్ను 93,600. పుస్తకంలో తప్పుడు పద్దు రాయడం, రుజువు లేని ఖర్చు అడగడం 270ఏ కింద తప్పుడు సమాచారమే కాబట్టి జరిమానా పన్నుకు 200 శాతం, అంటే 1,87,200. తప్పుడు పద్దు ఎంత రాశారో అంత మొత్తం జరిమానాగా వేసే 271ఏఏడీ అనే సెక్షన్ 2020లో వచ్చింది. అది కూడా పడితే 3,00,000. మొత్తం 5,80,800, వడ్డీ వేరే. నిజంగా తిరిగిన కిలోమీటర్లు నిజంగా రాసుకున్న పక్క దుకాణం ఆయనకు పెట్రోలు ఖర్చు చాలావరకు ఒప్పుకుని పంపేశారు, ఆయన పేరు మీద ఇంత మొత్తం ఎన్నడూ నమోదు కాలేదు. కారు అమ్మితే సగం, ఇల్లాలి గొలుసు కుదువపెడితే మిగతా సగం సర్దుబాటవుతుంది. కారు పోయాక బండి ఖర్చు ఎలాగూ ఉండదు.

ఆర్డరు కాగితాన్ని కూడా డ్యాష్‌బోర్డు మీద పెట్టాలని చూడకండి. అది లేజర్ ప్రింటు, ఎండకు చెరగదు.

ఈ సాయంత్రం దుకాణం మూయగానే బండి అరలో ఆడిటర్ పెట్టించిన పుస్తకం, పెన్ను తీసి పిల్లలకు ఇచ్చేయండి. మీటరు వైపు చూడకండి. రేపు పొద్దున ఎక్కడికి పోతున్నారో ఎవరికీ చెప్పకండి, మీరు కూడా గుర్తు పెట్టుకోకండి.